ఎండ అమ్మిన ఊరు

మృగశిర కార్తె, తొలి రోజు

కనుమలో కాపురమున్న వాళ్ళు ఏ ఊరు ఎప్పుడు దాటిందో రాసి పెట్టాలని, ఊళ్ళు నడిచే దారులు చూసుకునే దారి సభ వాళ్ళ నియమం. ఇక్కడ కాపురమున్నది నేనూ మా ఆయన కాశింపీరా మాత్రమే. ఆయనకు రాత కంటే దూది ఏకడం నయం. అందుకని రాసేది నేనే, హుసేనమ్మను.

ఈరోజు సింగరాయపురం చక్రాల మీద దొర్లుకుంటూ దాటింది. ఊరు ఇంకా దిగువ మలుపు దగ్గర ఉండగానే ఫోను మోగడం మొదలుపెట్టింది. ఏ వీధి, ఏ కిటికీ, ఎవరికి ఏం కావాలి, అన్నీ ఊరి కంటే ముందే కొండెక్కి వచ్చేశాయి. ఒక కిటికీకి చంటిబిడ్డ పరుపు. ఇంకో కిటికీకి పెళ్ళి పరుపు, ఎర్ర గలేబుతో. గలేబు మీద నెమళ్ళు ఉండాలట. నెమళ్ళు లేవు, చిలకలున్నాయి అని పంపితే చిలకలైనా సరే అన్నారు.

కనుమలోకి వచ్చేసరికి ఊరు మనిషి నడక వేగానికి తగ్గుతుంది. అప్పుడు మేము మిద్దె మీద నిలబడి కొక్కెం కర్రతో మూటలు కిటికీల్లోకి అందిస్తాం. వాళ్ళు పాత బొంతలు మా మీదకు విసురుతారు. వాన వెంట ఉత్తరానికి పోయి స్వాతి కార్తెలో వాళ్ళు తిరిగి వచ్చేలోపు, వాటిని విప్పి దూది ఏకి కుట్టి ఉంచుతాం. వెల నీళ్ళలోనే. ఊరి తోక బండి మా తొట్టి పక్కగా పోతూ గొట్టం వదులుతుంది. ఫోనులో కుదిరిన బిందెలు నిండగానే గొట్టం దానంతటదే మూసుకుంటుంది.

మా వంశంలో వెనకటి వాళ్ళు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని, అరుచుకుంటూ వీధి వీధీ తిరిగేవాళ్ళట. ఇప్పుడు వీధులే మా గుమ్మం ముందు నుంచి పోతున్నాయి. మేము నోరు తెరవకముందే ఎవరికేం కావాలో ఫోను చెప్తోంది. దుకాణం పెట్టుకున్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి.

మృగశిర కార్తె, చివరి రోజులు

మబ్బూరు రావలసిన రోజు దాటిపోయింది. ఫోనులో చూస్తే కనుమ కింద మైదానంలో ఆగి ఉంది. ఊళ్ళు ఆగవు. ఏదైనా పొరపాటేమో అనుకుంటుండగా పుల్లమ్మ గొంతు వచ్చింది.

"అక్కా, ఇరుసు ఇరిగిపాయ. పెద్ద ఇరుసే. ఊరు పక్కకి ఒరిగి నిలబడిండాది."

పుల్లమ్మది మబ్బూరు రెండో వీధి మొదట్లో పొంగనాల అంగడి. ఎన్నో ఏళ్ళ స్నేహం మాది. అయితే ఎదురెదురుగా మాట్లాడుకునేది ఆమె కిటికీ మా మిద్దె దాటేంత సేపే. ఏడాదికి రెండుసార్లు. మిగతాదంతా ఫోనులో.

నేనూ కాశింపీరా కొండ దిగి పోయాం. పుల్లమ్మ ఎదురొచ్చి నా చేతులు పట్టుకుంది. కిటికీలో నడుము పైనుంచే చూసినదాన్ని, ఇంత పొట్టిదని నాకు తెలియదు.

"నువ్వు పీట మీద నిలబడుకోని మాట్లాడేదానివా ఇన్నాళ్ళూ?" అన్నాను.

"మరి నువ్వు మిద్దెక్కి మాట్లాడితివి," అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది.

ఊరు తోలే పెద్దమనిషి మద్దిలేటి విరిగిన ఇరుసు పక్కన కూర్చుని ఉన్నాడు. చేతి నిండా నూనె మరకలు. ఇంత పెద్ద ఇరుసు పోతపోసేది ఉత్తరాన ఒక్క చోటే అని, ఎంత తొందర పెట్టినా హస్త కార్తె లోపల చేతికి రాదని చెప్పాడు. అప్పటికి వాన ఉత్తరాన కురిసి అయిపోతుంది. ఇక్కడ మైదానంలో చినుకు పడదు. తొట్లలో ఉన్న నీళ్ళే నీళ్ళు.

"నిలబడిన ఊరు ఊరు కాదు తల్లీ," అన్నాడు. "ఇంగ రొన్నాళ్ళకు ఇది ఉత్త చెక్కల కుప్ప."

ఆరుద్ర కార్తె, మొదట్లో

మబ్బూరు ఆగిన సంగతి అన్ని ఊళ్ళకూ తెలిసింది. కనుమ దాటే ప్రతి ఊరూ తనకు కావలసిన మనిషిని ఫోనులో అడుగుతోంది. ఒక ఊరికి కమ్మరి కావాలి. ఇంకో ఊరికి పంతులమ్మ. మూటాముల్లె సర్దుకుని జనం కనుమ దారిలో నిలబడుతున్నారు, కదిలే ఊరు ఎక్కేస్తున్నారు. వాళ్ళను తప్పు పట్టలేం. పిల్లలున్న వాళ్ళు.

ఈ దారిలో ఇక రావలసింది తెల్లరాయిపేట ఒక్కటే. తర్వాత స్వాతి కార్తె దాకా ఏ ఊరూ ఇటు రాదు.

ఈ పూట పుల్లమ్మ మా ఇంటికి వచ్చింది. తెల్లరాయిపేట వాళ్ళు ఆమెను వంటసాలకు పిలిచారట. మాట్లాడుతూనే నాతోపాటు దూదిలో గింజలు ఏరింది.

"పోతావా?" అన్నాను.

"పోక ఏం జేసేదక్కా? మా ఊర్లో అందరికీ పెట్టినదాన్ని. తినేటోళ్ళు పోతాంటే పెనం పట్టుకోని ఎవురికోసం కూచుండేది?"

అప్పుడే ఫోను మోగింది. తెల్లరాయిపేట నుంచి ఎవరో ఎండుమిరపకాయలు ఉన్నాయా అని అడుగుతున్నారు. అలవాటుగా 'లేవు' అని నొక్కాను. వెంటనే మరొకరు, మినప వడియాలు ఉన్నాయా అని. అదీ లేదని నొక్కాను.

"ఏందక్కా, పరుపులంగడిలో వడియాలు అడుగుతాండారు?"

"ఎప్పుడూ అడుగుతానే ఉంటారు. వాన కింద తిరిగే ఊర్లు గదా, ఏదీ ఎండదు. వడియం పెడితే బూజు. మిరపకాయ కుళ్ళు. చింతపండు నలుపు. నేను ఈడ కూచోని లేదు, లేదు అని నొక్కతాంటా."

ఈ మాట అన్నాక నేనే ఆగిపోయాను. కిటికీ అవతల మైదానమంతా ఎండ కాస్తోంది. మా దూది కూడా ఈ ఎండ వల్లే పొడిగా ఉంటుంది, మా బొంతలు తేలిగ్గా ఉన్నాయని జనం మెచ్చుకునేది అందుకే. వాన వెంట పరుగెత్తే ఊళ్ళలో దేనికీ కొరత లేదు, ఎండకు తప్ప. మబ్బూరుకు ఇప్పుడు ఉన్నదల్లా ఎండే.

పుల్లమ్మకు నేను వివరించి చెప్పవలసిన పని లేకపోయింది. ఆమె ఏరుతున్న గింజలు చేటలో వదిలేసి లేచింది. "పా అక్కా, మద్దిలేటన్న కాడికి పోదాం," అంది.

ఆరుద్ర కార్తె, రెండు రోజుల తర్వాత

మబ్బూరు వాళ్ళు ఫోనులో దుకాణం తెరిచారు. 'మీ పచ్చి సరుకు మాకివ్వండి, తిరిగి వచ్చేటప్పటికి ఎండబెట్టి ఇస్తాం. కూలి నీళ్ళలో, ముందుగా' అని రాశారు. కళ్ళాల్లాగా పరుచుకున్న ఊరి పైకప్పుల బొమ్మ కూడా పెట్టారు.

ఒక్క బేరం రాలేదు. తెల్లరాయిపేట వాళ్ళు చూస్తున్నారు, అడగడం లేదు. మద్దిలేటి ఫోను పట్టుకుని మా వాకిట్లో కూర్చున్నాడు.

"కొత్త అంగడి. దాంట్లో నిలబడిపోయిన ఊరిది," అన్నాడు. "స్వాతి దాకా ఈ ఊరుంటాదో ల్యాదో, మిరపకాయలు ఎవురి చేతిలో పెట్టేదని వాళ్ళ అనుమానం. నేనైనా అట్లనే అనుకుంటా."

మా దుకాణం పేరు ఈ దారిలో తిరిగే ప్రతి ఫోనులోనూ ఉంది. ఇచ్చిన బొంత ఏనాడూ తప్పిపోలేదని జనం రాసిన మాటలు దాని కింద ఉన్నాయి. నా మనసులో ఏముందో కాశింపీరాకు తెలిసిపోయింది. లోపలికి పిలిచాడు.

"మన పేరు మీద పెడదామనుకుంటాండావు."

"అవును."

"వాళ్ళు ఇరుసు రాంగనే ఎల్లిపోతే? సగం మంది ఇప్పటికే పోయిరి. పరుపులు మాత్రం మన చేతిలోవి, మే. పరాయోళ్ళ పని మన చేతిలో ల్యాదు. పేరు పోతే మల్లా యాడ తెచ్చుకుంటాం?"

ఆయన అన్నదంతా నిజమే. పుల్లమ్మ వెళ్ళిపోతే బాగుండదు అన్నది ఒక్కటే నా వైపు ఉన్న కారణం. వ్యాపారంలో అది కారణం కింద లెక్కకు రాదు.

"పుల్లమ్మ పోతే నాకు బాగుండదు," అన్నాను అయినా.

ఆయన విల్లు తీగను సవరించాడు. "నాకు మాత్రం మాట్లాడేదానికి ఎవురుండారు, ఆ మద్దిలేటి తప్ప," అన్నాడు. "పెట్టు."

మా పేరు కింద 'ఎండబెట్టి ఇవ్వబడును, పూచీ హుసేనమ్మ' అని పెట్టాను. పొయ్యి మీద అన్నం ఉడికే లోపల ఫోను ఆగకుండా మోగింది.

ఆరుద్ర కార్తె, చివరి రోజు

తెల్లరాయిపేట దాటింది. కొక్కెం కర్రలు మాకున్నవి చాలక మబ్బూరు వాళ్ళు చిన్నా పెద్దా అందరూ కొండెక్కి వచ్చి చేతులు చాపి అందుకున్నారు. పచ్చి మిరపపండ్లు, చింతపండు, వేరుశనక్కాయలు, చెమ్మపట్టిన పెళ్ళి చీరలు. ఒక ముసలాయన ఎన్నో ఏళ్ళుగా బూజు వాసన వదలని తన తబలా దించాడు. తోక బండి ఊరి నుంచి విడివడి కిందికి దిగి మబ్బూరు తొట్లలోకి గొట్టం వదిలి చాలాసేపు నిలబడింది.

అన్నిటికంటే చివర కిటికీలోంచి ఒక ఏడు నెలల గర్భిణి దిగింది. పేరు రవణమ్మ. కదిలే ఊర్లో కుదుపులకు భయంగా ఉందని, నిలకడగా ఉన్న చోట కనాలని ఉందని అంది. ఆమె మొగుడు కిటికీలోంచి వంగి అరిచాడు, "అక్కా, దీనికి ఎన్ని బిందెలు?"

"మనుషుల్ని ఎండబెట్టం నాయనా, ఊరికే ఉంచుకుంటాం," అంది పుల్లమ్మ.

పుల్లమ్మ తెల్లరాయిపేట ఎక్కలేదు.

ఆశ్లేష కార్తె

మబ్బూరు ఇప్పుడు ఎర్రగా ఉంది. ప్రతి పైకప్పు మీదా మిరపకాయలే. ఎటునుంచి గాలి వస్తే అటువైపు వాళ్ళు తుమ్ముతున్నారు. పుల్లమ్మ వడియాలకు మూడు వీధుల ఆడవాళ్ళను కూర్చోబెట్టింది. ఉప్పు దగ్గర పేచీలు, కాకుల దగ్గర పేచీలు. కాకులను తోలడానికి ముసలాయన తబలా బాగా పనికొస్తోంది, ఎండకు దాని గొంతు తిరిగి వచ్చింది.

నీళ్ళ విషయమే దిగులు. తొట్లు అనుకున్న దానికంటే వేగంగా తగ్గుతున్నాయి. చక్రాల పనివాళ్ళకు ఇప్పుడు పని లేదు కదా, మా ఇంటి వెనుక ఎండిపోయిన వాగువంక ఇసుకలో మేమిద్దరం తవ్వుకున్న చిన్న చెలిమను చూపించాను. ఇసుకలో గుంత తవ్వితే ఊట నీళ్ళు వస్తాయని వాళ్ళెవరూ ఎరగరు. నీళ్ళు పైనుంచి పడతాయి తప్ప కిందినుంచి రావడం వాళ్ళు చూడలేదు. మద్దిలేటి గుంత అంచున బోర్లా పడుకుని ఊట ఊరడం చూశాడు.

"నిదానంగా వస్తాండాదే," అన్నాడు.

"అంతేనన్నా. కూచోని ఉండాల."

మర్నాటి నుంచి అందరూ పారలు పట్టుకుని వంకలోకి దిగారు. ఇప్పుడు చెలిమ ఒక ఇంటంత ఉంది. తాగడానికి సరిపోతుంది. స్నానాలు మాత్రం వాయిదా.

పుబ్బ కార్తె

ఈరోజు వాన పడింది. నేను ఈ కనుమలో ఉన్నన్నాళ్ళూ పుబ్బలో చినుకు చూడలేదు. మధ్యాహ్నం నల్లగా కమ్ముకుంది. పుట్టినప్పటి నుంచి మబ్బు కనిపిస్తే దాని వెంట పరుగెత్తిన మనుషులు, ఈరోజు మబ్బును చూసి చేటలు పట్టుకుని ఎదురు పరుగెత్తారు. దుప్పట్లు, తలుపులు, చివరికి మా కొత్త పరుపుల గలేబులు కూడా మిరపకాయల మీద కప్పారు. మద్దిలేటి ఆకాశాన్ని చూసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అంతా సర్దేసరికి వాన నిలిచింది. అందరూ తడిసి ముద్దయి, ఎర్రగా మరకలు పడి, ఒకరినొకరు చూసుకుని నవ్వారు. స్నానాలు కూడా అయినట్టే అన్నారు.

చివరి వీధి మిరపకాయలు కొన్ని మచ్చపడ్డాయి. దాచిపెట్టి మంచి వాటిలో కలపవచ్చు. మద్దిలేటి ఒప్పుకోలేదు. ఎవరెవరి సరుకు పాడైందో వాళ్ళకు బొమ్మ తీసి ఫోనులో పంపించాడు, బదులుగా వడియాలు ఇస్తామని. చాలామంది సరే అన్నారు. ఒకామె మాత్రం, మీ దగ్గర వాన పడిందా, మా దగ్గర ఈసారి సరిగా పడలేదు అని రాసింది.

ఈ ఉదయమే రవణమ్మకు ఆడపిల్ల పుట్టింది. వాన తర్వాత గాలి చల్లబడితే, బిడ్డను పెళ్ళి పరుపుకని ఉంచిన దూదిలో పడుకోబెట్టాం.

హస్త కార్తె

దారి సభ బండి మీద ఇరుసు వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చుట్టూ చేరి చూశారు, చేత్తో తడిమారు. దక్షిణం నుంచి తడిగాలి మొదలైంది. ఇక వానలు అటువైపే. ఇప్పుడు బయలుదేరితే మబ్బూరు అందరికంటే ముందు అక్కడ ఉంటుంది, మంచి నేల దొరుకుతుంది. మైదానంలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మమ్మల్ని పిలవలేదు. మేము వాళ్ళ ఊరి వాళ్ళం కాదు కదా.

ఎండిన సరుకంతా వాళ్ళ ఊర్లోనే ఉంది. పూచీ మాది. కానీ నిజం చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చింది సరుకు కాదు. నాలుగు రోజులుగా పుల్లమ్మ ఇటు రాలేదు.

"పోతారు మే," అన్నాడు కాశింపీరా. "ఊర్లు పోయేటియే. సరుకు మన కాడ దించి పోతే చాలు." దూది ఏకుతూనే ఉన్నాడు. ఏకిన దూదినే మళ్ళీ ఏకుతున్నాడని కాసేపటికి గమనించాను.

చిత్త కార్తె, తొలి రోజు

తెల్లవారగానే చక్రాల చప్పుడు వినిపించింది. నేను బయటికి పోలేదు. లోపల కూర్చుని గలేబు కుట్టుకుంటూ, చప్పుడు ఎప్పుడు సన్నబడుతుందా అని విన్నాను. సన్నబడలేదు. గోడలు అదిరాయి, పైకప్పు నుంచి దుమ్ము రాలింది.

"మే," అని పిలిచాడు కాశింపీరా వాకిట్లోంచి. "ఇట్ల రా."

మబ్బూరు కనుమ ఎక్కుతోంది. మా ఇంటి ముందు దారి వదిలి, వంక పక్కనున్న చదును మీదికి తిరిగింది. మెల్లగా, మా గోడకూ దాని అరుగుకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు మిగిల్చి ఆగింది. సూర్యరథం లాంటి ఆ పెద్ద చక్రం మా కిటికీ ఎత్తున నిలబడింది. మద్దిలేటి దిగి చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టించాడు.

"కింద మైదానంలో నీడ ల్యాదు," అన్నాడు నాతో, ఏదో చిన్న పని మీద వచ్చినట్టు. "చెలిమ కూడా ఈడనే ఉండాది. మాటిమాటికి కొండెక్కాలంటే ఆడోళ్ళకు కష్టం."

"సరుకు దించి పోతారనుకుంటిమి."

"కొంతమంది పోతామనిరి. నాలుగు పూటలు అరుచుకున్నాం. సింగరాయపురం ఎక్కి పోతారులే, పోనీ. మిగిలినోళ్ళం ఉంటాం."

"ఈ ఆర్డర్లు అయిపోయినాక ఏం జేస్తారన్నా?"

ఆయన జేబులోంచి ఫోను తీసి చూపించాడు. ఉత్తరాన ఉన్న ఊళ్ళ నుంచి వచ్చే ఏటికి అడుగుతున్నారు. మామిడి తాండ్ర అవుతుందా, అప్పడాలు పెడతారా, కాన్పుకు చోటుందా. "యాడ అయిపోతాయి ఇవి," అన్నాడు.

"చక్రాలు తీసేస్తారా మరి?" అని అడిగాడు కాశింపీరా.

"తీయం. కదల్లేక కూచున్నన్నాళ్ళూ నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు యాడికైనా పోవచ్చు. అందుకని ఉండబుద్ధయితాండాది." ఇలా చెప్పి ఆయన రాళ్ళు సరిగా పెట్టారో లేదో చూడడానికి వంగాడు.

స్వాతి కార్తె

ఊళ్ళు తిరిగి వస్తున్నాయి, రోజుకొకటి. సింగరాయపురం, దాని వెనుక చిన్న ఊళ్ళు, ఈరోజు తెల్లరాయిపేట. ఇప్పుడు కొక్కెం కర్రలు దారి పొడుగునా ఉన్నాయి, మా మిద్దె మీదా మబ్బూరు అరుగుల మీదా. తెల్లరాయిపేట సరుకు లోపలికి పోతుంటే కిటికీల్లోంచి ఎండుమిరప ఘాటుకు దగ్గులు, ఆ వెనుకే మెచ్చుకోళ్ళు. రవణమ్మ మొగుడు ఊరు పూర్తిగా రాకముందే కిటికీలోంచి దూకి బిడ్డను ఎత్తుకున్నాడు. ముసలాయన తబలా అందుకుని అక్కడికక్కడే వాయించి చూశాడు. కాకులు లేచిపోయాయి.

వచ్చిన ఒక్క ఫిర్యాదు వడియాల్లో కారం ఎక్కువైందని. పుల్లమ్మ దానికి స్వయంగా జవాబు రాసింది. ఏం రాసిందో నాకు చూపించలేదు.

నీళ్ళు తొట్ల అంచు దాకా ఉన్నాయి.

విశాఖ కార్తె

ఊళ్ళన్నీ దక్షిణానికి పోయాయి. ఫోనులో వచ్చే ఏటి బేరాలు రోజుకు ఒకటో రెండో. తక్కిన సమయమంతా తీరికే. కాశింపీరా, మద్దిలేటి చెలిమ గట్టున కూర్చుని, గట్టుకు రాళ్ళు ఎట్లా పేర్చాలన్న దాని మీద వాదులాడుకుంటున్నారు. పని మాత్రం జరగడం లేదు.

ఈ సాయంత్రం పొయ్యి అంటిస్తుంటే ఎవరో తలుపు నెట్టారు. పుల్లమ్మ. చేతిలో చిన్న గిన్నె.

"అక్కా, తోడుకు రొంత మజ్జిగుంటే ఇయ్యి. మాది అయిపాయ."

అలవాటుగా నా చెయ్యి ఫోను వైపు పోయింది. అందులో ఏమీ లేదు. ఇన్నేళ్ళ దుకాణంలో ఎంతమంది ఎన్ని అడిగారో గానీ, తోడు అడిగినవాళ్ళు లేరు. చుట్టుపక్కల ఇల్లుంటేనే కదా అది అడిగేది.

ఉట్టి మీది కుండ దించి, గిన్నెలో రెండు చెంచాలు పోశాను. చాలు చాలంటే ఇంకో చెంచా పోశాను. ఆమె గిన్నె మీద కొంగు కప్పుకుని గడప దాకా పోయింది. అక్కడ ఏదో చెప్పాలని తిరిగి, చెప్తూ చెప్తూ గడప మీదే కూలబడింది. మొదలుపెట్టింది ఉప్పు దగ్గర పేచీ పెట్టినావిడ కోడలి సంగతి. అది అయ్యాక ఆ కోడలి పుట్టింటి సంగతి.

"పాలు సల్లారిపోతాండాయక్కా, పోవాల," అంటూనే కాళ్ళు చాపుకుని కూర్చుంది.